రిపేరాయన కూతురు

అబద్ధాలు చెప్పడం వాగుడుకాయకి ఇంట్లోనే నేర్పారు. నేర్పింది కన్నతల్లి. అందులో దాచుకోవలసిందేమీ లేదు. ఆ తల్లి టైలరు. చెప్పిన తేదీకి బట్టలు కుట్టి ఇచ్చిన టైలరు ఎక్కడైనా ఉంటే మీరే చూపించండి, వెళ్లి ఒక దండం పెట్టుకుని వద్దాం.

వాళ్ల దుకాణమంటే ఇంటి ముందు గదే. వీధిలోంచి మెట్టెక్కితే గుమ్మం, గుమ్మం పక్కన కిటికీ, కిటికీ కింద కాలితో తొక్కే కుట్టుమెషిను. గది మధ్యలో గుడ్డలు కత్తిరించే పొడుగాటి బల్ల. వెనకాల, పనికిరాని ముక్కలన్నీ అతికి కుట్టిన కర్టెను. ఆ కర్టెను అవతల వంటా, పడకా, చదువూ. వాగుడుకాయకి ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. ఉన్నదల్లా అమ్మ, అమ్మకి ఆ మెషిను.

అమ్మకి ఒక జబ్బుండేది. ఎవరు గుడ్డ పట్టుకొచ్చినా కాదనలేకపోయేది. ఎప్పుడిస్తావంటే మాత్రం, పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమన్నట్టు, అందరికీ శుక్రవారమే. బడి యూనిఫాముకీ శుక్రవారం, కోటుకీ శుక్రవారం, కిటికీ తెరకీ శుక్రవారం. కొలతలిచ్చి మనిషి మెట్టు దిగగానే ఆవిడ చేసే మొదటి పని, ఆ గుడ్డ బల్ల మీద పరిచి సుద్దతో గీసి కత్తిరించెయ్యడం. కుట్టడం ఎప్పటికో. ఆ ముక్కల్ని కట్టగట్టి పైన అరలో పడేసేది. అదెందుకమ్మా, కుట్టేటప్పుడే కత్తిరించుకోవచ్చుగా అని వాగుడుకాయ ఒకసారి అడిగింది.

"గుడ్డ గుడ్డలాగే ఉంటే, ఇచ్చెయ్, ఇంకో చోట కుట్టించుకుంటానంటారు. కత్తెర పడ్డాక ఎక్కడికీ పట్టుకుపోలేరు. నా కొలతలు నాకే తెలుసు," అంది అమ్మ.

ఇక శుక్రవారం వచ్చిందంటే గుమ్మంలో జాతర. అమ్మ అటు కుడుతూ ఇటు జవాబు చెప్పలేదు. పైగా ఆవిడ నోరు మంచిది కాదు, రెండో మాటకే తగువు. అందుకని గుమ్మం దగ్గర ఎత్తు స్టూలేసి కూతుర్ని కూచోబెట్టింది. పిల్లకి మూడో తరగతికే నోట్లో నాలుక తిన్నగా ఉండేది కాదు. వాగుడుకాయ అన్న పేరు అప్పటికే స్థిరపడిపోయింది. ఆ నోటికి పనీ దొరికింది. అమ్మ నేర్పిన పాఠం చిన్నదే. ఒకే మనిషికి ఒకే అబద్ధం రెండోసారి చెప్పకూడదు. ఇంట్లో వాళ్లకి జబ్బని చెప్పకూడదు, అది ఎదురు తగుల్తుంది. కళ్లలోకి చూసి చెప్పాలి. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా పెద్దలు, ఒక గౌనుకి ఎన్ని ఆడొచ్చో వాళ్లు చెప్పలేదు కాబట్టి ఆ లెక్క మనిష్టం అని కూడా అంది.

వాగుడుకాయ మొదటి అబద్ధం చాలా మామూలుది. మెషిను బెల్టు తెగిందంది. అయితే బాగు చేయించుకోవచ్చుగా అన్నారు వచ్చినవాళ్లు. బాగుచేసే ఆయన రావాలంది. ఎందుకు రాలేదన్నారు. అలా, ఎవరూ కనకుండానే, రిపేరాయన పుట్టాడు. నిజానికి ఆ ఇంట్లో ఏ రిపేరాయనా ఎన్నడూ అడుగుపెట్టలేదు. బెల్టు తెగితే అమ్మే కుట్టుకునేది, నూనె వేసుకునేది, మరలు బిగించుకునేది.

కానీ వారాలు గడిచేకొద్దీ రిపేరాయన మనిషయ్యాడు. పొడుగ్గా ఉంటాడు. సైకిలు మీద వస్తాడు. పనిముట్ల సంచీ సైకిలుకి తగిలిస్తే సైకిలు ఒక పక్కకి ఒరుగుతుంది. ఒకసారి నిచ్చెన మీంచి జారి కాలు బెణికించుకున్నాడు. కాలు బాగయ్యే లోపు భార్యకి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. పుట్టడమే తలనిండా జుట్టుతో పుట్టింది. మెషిను చప్పుడు వినపడితే తప్ప నిద్రపోదు. తండ్రి స్క్రూడ్రైవరు చేతికందితే ఇక వదలదు. ఆ పాపని చూసుకోవడానికి ఇంట్లో ఇంకో మనిషి లేక ఆయన పనికి రాలేకపోతున్నాడు. అందుకే, మీ గౌను వచ్చే శుక్రవారం.

విన్నవాళ్లు కోపంగా వచ్చి నెమ్మదిగా వెళ్లేవాళ్లు. రానురాను సంగతి ఇంకోలా మారింది. బేకరీ ఆవిడ, కుట్టడానికి ఇచ్చింది ఏమీ లేకపోయినా, మెట్టు దగ్గర ఆగి పాప ఎలా ఉందని అడగడం మొదలుపెట్టింది. డ్రిల్లు మేష్టారు తన ప్యాంటు మాట మర్చిపోయి, ఆ రిపేరాయనకి ధైర్యం చెప్పమన్నాడు. వాగుడుకాయ చెప్పుకుంటూ పోయేది. వెనక అమ్మ మెషిను తొక్కుతూనే ఉండేది, కానీ కథ బిగిసే చోట ఆ కాలి వేగం తగ్గేది. పిల్లకి అది వినపడేది. అమ్మ కాలు నెమ్మదించిందంటే దారి సరైనదేనని గుర్తు.

అసలు చిక్కు నర్సమ్మతో వచ్చింది. వీధి చివరి ఆసుపత్రిలో పిల్లల వార్డులో పనిచేసేది ఆవిడ. ఆవిడ తెల్ల యూనిఫాం గుడ్డ ఎప్పుడో కత్తెరపడి, కట్టగా మారి, అరలో పడి ఉంది. ఓ శుక్రవారం వాగుడుకాయ, పాపకి పళ్లొస్తున్నాయి, జ్వరం, అందుకే ఆయన రాలేదంది. నర్సమ్మ తన సంచీలోంచి ఉతికి మెత్తబడ్డ చిన్న గుడ్డ తీసి, పాపకిమ్మని పిల్ల ఒళ్లో పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. బరువెంత ఉంది, టీకాలు వేయించారా, జ్వరం ఎన్నాళ్లనుంచి అని వరసగా అడిగింది.

"వచ్చే శుక్రవారం పాపని ఇక్కడికి తెమ్మను. నేను చూస్తాను. తేలేకపోతే ఇల్లు చెప్పు, నేనే వెళ్తాను," అని చెప్పి నర్సమ్మ డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ కూడా అక్కడే ఉంది. పెద్దమ్మ అంటే అమ్మకి అక్క. పక్క సందులో ఉండేది, మధ్యాహ్నాలు వచ్చి బొత్తాలూ హుక్కులూ కుట్టి పెట్టేది. ఎవరికే కష్టమొచ్చినా ఆవిడ దగ్గర ఉపాయం రెడీగా ఉండేది. ఆ ఉపాయం వల్ల ఇంకో కష్టం వస్తే దానికి ఆవిడ బాధ్యత లేదు.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమట. ఇప్పుడా నర్సమ్మకి పిల్లనెక్కణ్నించి తెస్తావే?" అని నవ్వింది పెద్దమ్మ. తర్వాత సూదిలో దారం ఎక్కించుకుంటూ మార్గం చెప్పింది. పాప జ్వరంతో పోయిందని చెప్పేస్తే సరి. నర్సమ్మ కాసేపు కళ్లు తుడుచుకుంటుంది. ఆ దుఃఖంలో ఉన్న ఇంటికి కబురంపమని ఎవరూ అడగరు. ఎండలు ముదిరేదాకా ఏ గౌనూ కుట్టకపోయినా అడిగేవాళ్లుండరు.

"నేను చంపను," అంది వాగుడుకాయ.

లేని పిల్లని చంపితే పాపమేంటే అంది పెద్దమ్మ. వాగుడుకాయకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చంపనంది. పెద్దమ్మ బుజ్జగించింది, తర్వాత కసిరింది, తర్వాత మొండివాడు రాజుకంటే బలవంతుడని విసుక్కుంది. ఆ పాప జుట్టు ఎంత వత్తుగా ఉంటుందో, నిద్రలో పిడికిలి ఎలా బిగిస్తుందో వాగుడుకాయకి తెలుసు. ఇవన్నీ తెలిశాక, ఎవరిదో యూనిఫాం ఆలస్యమైందని ఆ పాప పోవాలా? ఆ కోపం ఆ చిన్న ఒంట్లో పట్టలేదు. నేల మీద కాలు దబదబా బాదింది.

అమ్మ పళ్లతో దారం తెంపి అక్కవైపు తిరిగింది. "అది కన్న పిల్ల. దాన్ని పెంచుకుంటుందో ఏం చేస్తుందో దానిష్టం. నువ్వు మధ్యలో దూరకు," అంది. తర్వాత కూతురితో, శుక్రవారం నాడు నర్సమ్మకి జవాబు కూడా నువ్వే చెప్పుకోవాలి, నేను మెషిను మీంచి లేవనంది.

శుక్రవారం నర్సమ్మ డ్యూటీ దిగి వచ్చింది. గుమ్మం పక్క బెంచీ మీద కూచుని, ఏదీ పాప అంది. వాగుడుకాయ స్టూలు దిగి నిలబడింది. పాప లేదంది. రిపేరాయనా లేడంది. బెల్టు తెగలేదు, మీ యూనిఫాం ఇంకా అరలోనే ఉంది అని చెప్పేసి, చెంప ఛెళ్లుమంటుందని కళ్లు మూసుకుంది. మెషిను ఆగిపోయింది. నర్సమ్మ తలెత్తి అరవైపు చూసింది. తర్వాత పిల్లని వదిలేసి అమ్మ మీదికి తిరిగి, ఆ కట్ట దించి నా ఎదురుగా కుట్టు, అయ్యేదాకా కదలనంది. అమ్మ నోరెత్తకుండా కట్ట దించింది. మెషిను మళ్లీ మొదలైంది. ఒక చెయ్యి అతికింది, రెండో చెయ్యి అతుకుతోంది. నర్సమ్మ గొంతు సవరించుకుంది.

"సరే, లేదు, తెలిసింది. మరి పళ్లొచ్చి జ్వరమన్నావు కదా పోయినవారం. తగ్గిందా లేదా?"

వాగుడుకాయ కళ్లు తెరిచింది. తగ్గిందంది. ఎలా తగ్గిందో చెప్పింది. చెప్తూ మళ్లీ స్టూలెక్కింది. అమ్మ కాలు నెమ్మదించింది. ఆఖరి బొత్తాం కుట్టడానికి పెద్దమ్మ అవసరానికి మించి సమయం తీసుకుంది. నర్సమ్మ యూనిఫాం మడిచి సంచీలో పెట్టుకుని లేచింది. చిన్న గుడ్డ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఉంచు. పాప పెరుగుతుంది కదా, పనికొస్తుంది," అని మెట్టు దిగి వెళ్లిపోయింది.

రాసే బుద్ధి మీకెక్కడ మొదలైందని వాగుడుకాయని తర్వాత చాలామంది అడిగారు. పుస్తకాల మధ్య పెరిగామని చెప్పేవాళ్లని చూసి ఆమె కూడా అలాంటిదేదో చెప్పేది. ఇది మాత్రం చెప్పలేదు. చెబితే దుకాణం పరువు పోతుంది, పైగా ఎవరు నమ్ముతారు?

పెద్దయ్యాక ఆమె ఒక వారపత్రికలో సీరియల్ రాసే మనిషైంది. రాసేది అదే బల్ల మీద, పొద్దున్నే, అమ్మ గుడ్డలు పరచకముందు. బల్ల ఖాళీ లేకపోతే కర్టెను అవతల. మెషిను చప్పుడుంటే చాలు, కలం నడిచేది. రాతగాళ్లందరికీ గడువంటే పులి. ఆమెకి అది ఇంట్లో పెరిగిన పిల్లి. కరెంటు పోయిందనీ, చుట్టాలొచ్చారనీ, బాబాయికి సుస్తీ చేసిందనీ ఎవరైనా చెబుతుంటే, మూడో తరగతిలో ఇంతకంటే బాగా చెప్పానని నవ్వుకునేది. ఒక జీవితానికి సరిపడా సాకులు చిన్నప్పుడే చెప్పేసింది కాబట్టి కాబోలు, రాతలో ఒక్కటీ చెప్పలేదు. పత్రికకి పేజీలు గురువారం మధ్యాహ్నం మెషినెక్కితే, ఆమె భాగం బుధవారమే చేరేది. మెత్తని పాత గుడ్డలో చుట్టి తనే పట్టుకెళ్లి ఇచ్చేది.

ఆ సీరియల్ ఒక బస్సు కండక్టరు గురించి. పొడుగ్గా, వత్తయిన జుట్టుతో ఉండే అమ్మాయి. టికెట్ల సంచీలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు ఉంటుంది. ఊగిపోయే సీట్లు తనే బిగిస్తుంది. సెలవునాడు ఇంట్లో పడుకుంటే నిద్ర పట్టదు, ఇంజను చప్పుడు కావాలి. పెద్దవాళ్లని తోసుకుని కూచున్నవాణ్ని లేపుతుంది. టికెట్టు కొననివాడు ఎంతటివాడైనా దింపుతుంది. ఆ అమ్మాయి ఎవరి కూతురో వాగుడుకాయకి తెలుసు. మొదటి భాగం రాసినప్పుడే తెలుసు. ఇంకెవరికీ చెప్పలేదు. వారంవారం ఆ పిల్ల ఎదుగుతుంటే చూసుకుని మురిసిపోయేది.

ఇంతలో పాత ఎడిటరు వెళ్లిపోయి కొత్తాయన వచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే పిలిపించాడు. మర్యాదస్తుడు. అద్దాల బల్ల, పక్కన వేడినీళ్ల ఫ్లాస్కు, మూల ఏసీలోంచి నీళ్లు కారే బకెట్టు. ముందు కుశలమడిగాడు. తర్వాత, యజమాని వదినగారికి ఈ కండక్టరు నచ్చలేదన్నాడు. అందరికీ ఎదురు చెబుతుందట. మంచి సంబంధం వస్తే, ఉద్యోగం మానాలన్నారని కాదందట. ఇళ్లల్లో ఆడపిల్లలు చదివే పత్రిక కదా అన్నాడు.

"వచ్చే సంచికతో ముగించెయ్యండి మేడం. ఆ సంబంధమే ఒప్పించి పెళ్లి చేసెయ్యండి. లేదా బస్సు వంతెన మీంచి పడిపోయిందని రాయండి, జనం ఏడుస్తారు, అదీ మంచిదే. పెళ్లో చావో మీరే ఎంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు."

కుదరదంటే ఏమవుతుందని ఆమె అడిగింది. ఏం లేదు, మా సబ్ ఎడిటరు కుర్రాడొకడున్నాడు, వాడు ఒక్కరోజులో ముగించేస్తాడు అన్నాడు, ఫ్లాస్కు మూత తిప్పుతూ. అంటే తను చంపకపోతే ఇంకెవరో చంపుతారు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె పరిస్థితి. అరవాలనిపించింది. ఆ బకెట్టు ఎత్తి బల్ల మీద కుమ్మరించాలనిపించింది. అదేమీ చెయ్యలేదు. గురువారం మెషినెక్కే లోపు ఇస్తానని మాత్రం చెప్పి లేచింది. అందులో అబద్ధం లేదు.

ఇంటికొచ్చి చెబితే పెద్దమ్మ యథాప్రకారం ఉపాయం చెప్పింది. ఇప్పుడావిడకి చూపానడం లేదు, బొత్తాలు చేత్తో తడుముకుని కుడుతోంది, ఉపాయాలకి మాత్రం కళ్లజోడు అక్కర్లేదు. చేసెయ్యవే పెళ్లి, ఎప్పటికైనా చెయ్యాల్సిందేగా, చావుకంటే నయం కదా అంది. అమ్మ మెషిను ఆపలేదు. ఎప్పుడు కావాలన్నాడని అడిగింది. గురువారమంది కూతురు. నువ్వెప్పుడిస్తావంది అమ్మ. ఎప్పట్లాగే బుధవారం అంది.

"ఈసారి ముందు ఇవ్వకు. ఒకరోజుంటే వాడు ఇంకోడి చేత కుట్టించుకుంటాడు. కత్తెర వేసి పట్టుకెళ్లు, ఇంకెవడూ అతకలేకుండా," అంది అమ్మ.

మర్నాడు పొద్దున వాగుడుకాయ రాయడం మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా అయిపోయింది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. కోపానికి అంత వేగం ఉంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఆ భాగంలో పెళ్లివాళ్లు, పిల్లాడూ తల్లీ మేనత్తలూ, కండక్టరుతో అక్కడే మాట తేల్చుకుందామని ఆ అమ్మాయి బస్సే ఎక్కుతారు. ఆ అమ్మాయి వెళ్లి టికెట్టంటుంది. రేపోమాపో అత్తని కాబోతున్నాను, నాకు టికెట్టేమిటి అంటుంది పిల్లాడి తల్లి. కండక్టరు విజిలేస్తుంది. బస్సు వంతెన నడిమధ్య ఆగుతుంది. వెనక వందలాది బళ్లు హారన్లు కొడుతుంటాయి. "టికెట్టన్నా కొనండి, లేదా దిగండి. మీరు తేల్చేదాకా బస్సు కదలదు," అంటుంది. పిల్లాడు జేబులో చెయ్యి పెడతాడు. అంతే, అక్కడ కత్తెర.

రాయడం తేలికే అయింది, రాసినదాన్ని దగ్గర పెట్టుకుని కూచోవడమే కష్టమైంది. ఎన్నడూ ఆలస్యం చెయ్యని మనిషి. బుధవారమంతా కాలుగాలిన పిల్లిలా కర్టెనుకి అటూ ఇటూ తిరిగింది. పత్రికలో పేజీలు కట్టే ఆయన ఫోన్ చేసి, ఒంట్లో బాగోలేదా అమ్మా అని పాపం నిజంగానే కంగారుపడ్డాడు. చూసి చూసి అమ్మ ఆమె చేతిలో ఓ కోటు పెట్టి బొత్తాలు కుట్టమంది. కుట్టినవి కుట్టినట్టే ఊడదీసి పెద్దమ్మ మళ్లీ కుట్టుకోవాల్సి వచ్చింది.

గురువారం, ప్రెస్సు వాళ్లు పేజీ కోసం గొడవ మొదలుపెట్టాక, ఆఫీసులో అడుగుపెట్టింది. రోట్లో తల దూర్చాక రోకటిపోటుకి వెరవకూడదు. కాగితాలు ఎడిటరు చేతికే ఇచ్చింది. ఆయన నిలబడే చదివాడు. పక్కన పేజీలు కట్టే ఆయన ఎడిటరు భుజం మీంచి చదువుతూ, చివరికొచ్చేసరికి కాగితం వెనక ఇంకేమైనా ఉందేమోనని వంగి చూశాడు.

"ఇది ముగింపు కాదు కదా మేడం," అన్నాడు ఎడిటరు.

"కాదండీ. మీరు పెళ్లన్నారు, చావన్నారు. నా పిల్లని నేను చంపను. ఎవరి వదినగారి కోసమో కట్టబెట్టను కూడా. ఇది వేస్తారో, ఖాళీ పేజీ వేస్తారో మీ ఇష్టం."

కుర్రాడి చేత రాయించే సమయం లేదు. కింద ప్రెస్సు నుంచి మళ్లీ ఫోనొచ్చింది. వాగుడుకాయ గెలిచాననుకుంది. ఎడిటరు మాత్రం తెలివితక్కువవాడు కాదు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఆఖరి వాక్యం కింద సమాప్తం అని రాసి, కాగితాలు పేజీల ఆయన చేతిలో పెట్టాడు. ఇక మీరు శ్రమపడి రానక్కర్లేదు మేడం అన్నాడు, అంతే మర్యాదగా.

సమాప్తమన్న ఆ ఒక్క మాట సంగతి ఆమెకీ తట్టలేదు, అమ్మకీ తట్టలేదు. తిరిగొచ్చే బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చింది. పోయిన పేజీ గురించి బాధ లేకపోలేదు. ఆమెకున్న పేజీ అదొక్కటే. కానీ అంతకంటే, పిల్లని వంతెన నడిమధ్య వదిలేసి వచ్చానే అని ప్రాణం కొట్టుకుంది. కూతురు మర్నాడు పొద్దున మళ్లీ బల్ల దగ్గర కూచుని రాయడం చూసి అమ్మ, ఎవరికోసమే అనడిగింది. ఎవరికోసమైనా కాకపోనీ, దాన్ని అక్కడ వదిలెయ్యలేనంది. అమ్మ ఆ పూట గుడ్డలు బల్ల మీద పరచకుండా నేల మీదే పరుచుకుంది.

పత్రిక వచ్చిన మర్నాడు, దుకాణం మెట్టు మీద కర్ర చప్పుడైంది. నర్సమ్మ. ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది, మోకాళ్లు వంగడంలేదు, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. బెంచీ మీద కూలబడి, చుట్ట చుట్టి పట్టుకొచ్చిన పత్రిక విప్పి మోకాలి మీద పరిచింది.

"ఏమే వాగుడుకాయా, ఈ కండక్టరు మన రిపేరాయన కూతురే కదూ?"

మెషిను ఆగింది. వాగుడుకాయ తలూపింది. నేను మొదటి వారమే అనుకున్నాను, ఆ జుట్టు, ఆ స్క్రూడ్రైవరు, పళ్లొచ్చినప్పట్నించీ ఎరిగిన పిల్లని పోల్చుకోలేనా అంది నర్సమ్మ. మరి సమాప్తమేమిటి, ఎవరు రాశారది అనడిగింది. జరిగింది విన్నాక ఆఫీసు ఎక్కడుందో కనుక్కుని, సాయం వస్తానన్నా వద్దని, కర్ర పట్టుకుని బస్సెక్కింది.

ఆఫీసులో జరిగింది పేజీలు కట్టే ఆయన తర్వాత ఫోన్లో గుసగుసగా చెప్పాడు. పొద్దున్నుంచీ ఫోన్లు మోగుతూనే ఉన్నాయట. బస్సు డిపో నుంచొకరు, బట్టల కొట్లో పనిచేసే అమ్మాయిలు, ఎవరో తాతగారు, అందరిదీ ఒకే ప్రశ్న. యజమాని వదినగారు కూడా చేశారట, పిల్లాడి తల్లికి తగిన శాస్తి జరుగుతుందా, జరగకుండా దిగిపోతుందా అని. ఈ గోలలోకి నర్సమ్మ వెళ్లి ఎడిటరు ఎదురు కుర్చీలో కూచుంది. ఆ పెళ్లివాళ్లు దిగారా, టికెట్టు కొన్నారా చెప్పమంది. ఆయన, కథ అయిపోయిందండీ అన్నాడు.

"నేను పిల్లల వార్డులో పనిచేశానయ్యా. అయిపోవడమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ పిల్ల నిక్షేపంలా నిలబడి ఉంది. నువ్వెవరు అయిపోయిందనడానికి?" అని, జవాబు చెప్పేదాకా కదలనని కర్ర గోడకానించిందట. టీ ఇచ్చినా తాగలేదట. ఆ జవాబు ఆ భవనంలో ఎవరి దగ్గరా లేదు.

శనివారం ఎడిటరే ఫోన్ చేశాడు. వాగుడుకాయ బల్ల దగ్గర ఉంది. అమ్మ కిటికీ కింద ఎవరిదో కోటు చేతులు అతుకుతోంది. సమాప్తమన్నది అచ్చుతప్పని వేద్దామన్నాడు ఎడిటరు, గొంతు మునుపటికంటే ఇంకా మెత్తగా. కథ మీ ఇష్టం వచ్చినట్టు నడపండి అన్నాడు. ముగింపు కూడానా అని అడిగింది. ముగింపు కూడా, ఎప్పుడనేది మీరే చెప్పండి అన్నాడు. ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాతి భాగం గురువారానికి ఇవ్వగలరు కదా మేడం అన్నాడు.

ఆ భాగం అప్పటికే అయిపోయింది. ఆమె ఎదురుగా, నర్సమ్మ పాపకిచ్చిన ఆ మెత్తని గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంది. దాని మీద చెయ్యి వేసి వాగుడుకాయ స్టూలు మీద సర్దుకుని కూచుంది.

"కుదరదండీ. మెషిను బెల్టు తెగింది."

ఎడిటరుకి అర్థం కాలేదు. మీరు మెషిను మీద రాస్తారా అన్నాడు.

"బాగుచేసే ఆయన రావాలి. మంచాయనే, కానీ మనసేం బాగోలేదు పాపం. ఆయన కూతుర్ని ఎవరో చంపబోయారట."

అవతల ఫ్లాస్కు మూత తిప్పిన చప్పుడైంది. ఇవతల అమ్మ కాలు నెమ్మదించింది. ఎడిటరు, పోనీ ఎప్పుడిస్తారో మీరే చెప్పండి మేడం, అప్పటిదాకా ప్రెస్సు ఆపిస్తాను అన్నాడు.

"శుక్రవారం," అంది వాగుడుకాయ.